పాలు పొంగకముందే

నార్కట్‌పల్లి,
ఫిబ్రవరి 1, 2019.

మల్లీశ్వరి వదినెకు,

పుష్ప శనార్తులు. మీ ఆయనకు, మా బీరన్న అన్నకు కూడా చెప్పు.

ఫోన్ ఉండంగ ఉత్తరం ఏందని నవ్వకు. పోయినసారి నీ ఫోన్ స్పీకర్‌ల ఉన్నదని తెలియక మీ యారాలు, నీ మరిది పెండ్లాం, కాచే చారు గురించి నాలుగు మాటలన్న. ఆమె నీ పక్కనే కూచొని చిక్కుడుకాయ తుంచుతున్నదని నువ్వు ఒక్క దగ్గు కూడా దగ్గలేదు. నీకు స్పీకర్ బంద్ చెయ్యరాదు, నాకు నోరు బంద్ చెయ్యరాదు. అందుకే ఈ కాగితం. మోత్కూర్ నుంచి పాలు తెచ్చే వ్యాన్ డ్రైవర్ నర్సింహ ఇటు అటు అందిస్తానన్నడు. చదవకుండా అందిస్తే మంచిదే.

ఇగ అసలు సంగతి. మన ఇల్లు అయిపోయింది వదినె! రెండర్రలు, వంటిల్లు, ముందట వరండా. నీ తమ్ముడు హైవే మీద లారీలకు పంచర్లు వేసి వేసి కట్టిన ఇల్లు కదా, ఏ గోడను చూసినా నాకు టైరే కనపడుతది. అయ్యగారు ఈ నెల 21, బేస్తవారం ముహూర్తం పెట్టిండు. పొద్దున పాలు, వ్రతం, మధ్యాహ్నం భోజనాలు. యాభై మందిని పిలుద్దామనుకున్నం. అంతకు మించితే కూచోబెట్టనీకె జాగా లేదు.

నీ తమ్ముడేమో కేటరింగ్‌వాళ్లకు చెప్పేస్తా అంటున్నడు. నేను వద్దన్న. ఈ మధ్య ఏ ఫంక్షన్‌కు పోయినా అదే పన్నీరు, అదే పసుపు రంగు అన్నం. కండ్లు మూసుకొని తింటే వచ్చింది పెండ్లికో దినాలకో తెలుస్తలేదు. నా ఇంట్ల దావత్ నేనే వండుతా అని పది మంది ముందు గట్టిగా అనేసిన. బగార అన్నం, పప్పు, గుత్తి వంకాయ, పచ్చిపులుసు, సేమియా పాయసం. అన్నంక యాదికొచ్చింది, నాకు నలుగురికి వండుడే వచ్చని. యాభై మందికి బియ్యం ఎంత, నూనె ఎంత, ఉప్పు ఎంత? జర వివరంగా రాయి.

ఇంకో పని. మోత్కూర్ దిక్కున్న మనవాళ్లకు నువ్వే బొట్టు పెట్టి చెప్పాలె. ఇంటికొకరిని రమ్మను. మరువకు, ఇంటికొకరే.

నువ్వు మాత్రం ఆ రోజు వంట దగ్గరికి రావద్దు. చుట్టం లెక్క వచ్చి, బంతిల కూచొని తినాలె. ఇది నా ఆర్డర్.

నీ మరదలు
పుష్ప


మోత్కూర్,
ఫిబ్రవరి 4.

పుష్పకు,

మీ వదినె దీవించి రాసేది. నీ ఉత్తరం అందింది. నర్సింహ చేతికిచ్చుకుంట ‘ఇల్లు అయిపోయిందంట గద అత్తా, శాన సంతోషం’ అన్నడు. సదివిండు వాడు.

గొర్లు కాసెటోళ్ల ఇంట్ల వంకాయ దావతా పిల్లా! మా ఆయనకు చెప్పిన కాడ్నుంచి నవ్వుతనే ఉన్నడు. సాయంత్రం మందల పొట్టేళ్లకు గూడ చెప్పిండు, ‘మీకేం ఫికరు లేదురా, మా బామ్మర్ది వంకాయలు కోస్తుండు’ అని. వ్రతం అంటున్నవు గాబట్టి ఊకుంటున్న. లేకుంటె ఊరు ఊరంత నవ్వుతుండె.

లెక్కలడిగినవు. రాస్త, మంచిగ సదువు. బియ్యం మందిని చూసి పొయ్యాలె. నూనె గంజును చూసి పొయ్యాలె. ఉప్పు సరిపోయేంత. తక్కువైతె తెలుస్తది, ఎక్కువైతె ఇంకా మంచిగ తెలుస్తది. మంట జోరు మీద ఉన్నప్పుడు ఎవ్వలతోని మాట్లాడకు. గింతే. నేను ఇన్నేండ్ల సంది వండుతున్న, ఇంతకు మించి నాకూ తెల్వదు.

గని నీకు పెద్ద గంజు మీద చెయ్యి తిరగలే. అది నీ కుక్కరు లెక్క సీటీ కొట్టి పిలువదు. ముందుగాల ఓపారి వండి చూడు. మందిల పరువు పోకుంట ఉంటది.

బొట్టు పెట్టి చెప్పుడు నాకు వదిలెయ్యి. మా తమ్ముని ఇల్లు, నేను గాక ఎవరు చెప్తరు.

నన్ను వంట కాడికి రావద్దని రాసినవు. మన వంశంల ఏ దావత్‌ల నేను గంటె పట్టలే? నీ లగ్గానికి వండింది నేనే గద. నా వంట మీకు నచ్చుతలేదా? నచ్చకుంటె నచ్చలేదని రాయి, నేనేమనుకోను. అనుకుంట గని చెప్పను.

మీ వదినె
మల్లీశ్వరి


నార్కట్‌పల్లి,
ఫిబ్రవరి 8.

వదినెకు శనార్తులు.

నువ్వు చెప్పినట్టే చేసిన! నిన్న పెద్ద గంజుల వండిన. నా సంబురం చూసి నవ్వకు.

మేమిప్పుడు కిరాయికుండేది పైఅంతస్తు కదా, ఓనరమ్మ కట్టెల మంట ఒప్పుకోలేదు. అందుకని కొత్త ఇంట్లకే పోయిన. టెంట్ హౌస్ నుంచి గంజు తెచ్చి, వంటింట్ల నడుమ మూడు రాళ్లు పెట్టి, కట్టెలు అంటించిన. మన ఇంట్ల మొదటి పొగ వదినె! నాకు కండ్ల నీళ్లొచ్చినయి. కొంత సంతోషం, కొంత పచ్చికట్టెలు. వంటింటి గోడకు వేసిన గులాబీ రంగు ఇప్పుడు పైనుంచి సగం దాకా బర్రె రంగుకు వచ్చింది. నీ తమ్ముడు చూసి, బయటికి పోయి ఒక టైరును గట్టిగా తన్నిండు.

బగార అన్నం ఒకే గంజుల మూడు రకాలు అయింది. అడుగున మాడింది, నడుమ ముద్దయింది, పైన బియ్యం బియ్యంలెక్కనే ఉన్నది. పారవేయబుద్ధి కాక, రంగులేసే వాళ్లను పిలిచి వడ్డించిన. పాపం, ‘బాగున్నదమ్మా’ అనుకుంట తిన్నరు. తర్వాత హైవే మీద హోటల్‌ల మీల్స్ తింటుంటే నీ తమ్ముడు చూసిండట. గుత్తి వంకాయ మాత్రం మంచిగ కుదిరింది. పాయసం జోలికి పోలేదు.

నీ వంట నచ్చకనా రావద్దన్నది? ఎంత మాట! ఎందుకన్ననో వచ్చినంక చెప్త. అప్పటిదాక నా మీద ఏం అనుమానం పెట్టుకోకు. ఇంకో రెండుసార్లు వండితే చెయ్యి తిరుగుతది.

నీ మరదలు
పుష్ప


మోత్కూర్,
ఫిబ్రవరి 10.

గౌరవనీయులైన శ్రీమతి పుష్ప గారికి,

మల్లీశ్వరి నమస్కరించి వ్రాయునది. మీ ఉత్తరము చేరినది. మీరు క్షేమమని తెలిసినది. కొత్త ఇంటిలో పొయ్యి కూడ ముట్టించుకున్నారని తెలిసినది. చాలా సంతోషము.

ఇట్ల రాస్తె నాకు చెయ్యి గుంజుతున్నది, మామూలుగనె రాస్త. ఏం బుద్ధి పుట్టింది పిల్లా నీకు!

కొత్తింట్ల మొదటి మంట ఆడిబిడ్డది. మొదటి పాలు ఆడిబిడ్డ పొంగియ్యాలె. మా బాపు ఇల్లు కట్టినప్పుడు మా మేనత్త పొంగిచ్చింది. మా మేనత్త అప్పుడు మా బాపుతోని మాట్లాడకపోయేది, అయినా వచ్చి పాలు పొంగిచ్చి, మాట్లాడకుంటనె పోయింది. అది పద్ధతి అంటె. నీకేమో నేను గుర్తుకే రాకపోతి. రంగులేసెటోళ్లకు మొదటి బువ్వ పెట్టుకుంటివి. గిప్పుడు నేనొచ్చి ఏం ముట్టియ్యాలె, అగర్‌బత్తీనా?

వండి చూడు అన్న. ఆ ఇంట్లనే వండి చూడు అన్ననా? నన్ను వంట కాడికి రావద్దని ఎందుకు రాసినవో నాకిప్పుడు సమజైంది. పొయ్యి నీదే, ఇల్లు నీదే, ఆడిబిడ్డ ఎందుకు మీదికెల్లి.

నేను రాను. మా ఆయనను గూడ పంప.

బొట్టు మాత్రం పెట్టొచ్చిన. నీ ఉత్తరం రాకముందే అన్ని ఇండ్లు తిరిగిన. ఇంటికొకరు రాండ్రి అననీకె నాకు నోరు రాలే. మా తమ్ముడు ఇల్లు పట్టుకొని కొత్తింట్లకు పోతుంటె ఇంటికొక్కలా? ‘ఆ దినం పొయ్యిల మంట వెయ్యకుండ్రి, ఇల్లంత రాండ్రి’ అని చెప్పొచ్చిన. గిప్పుడు మల్ల పోయి వద్దని చెప్పలేను. వాళ్లు వస్తరు. నేను రాను.

మల్లీశ్వరి


నార్కట్‌పల్లి,
ఫిబ్రవరి 12.

వదినె, నీ కాళ్లు మొక్కుత,

నీ ఉత్తరం చదివి ఎటు కూచోవాల్నో తెలుస్తలేదు. నాకు ఈ పద్ధతి ఎరుక లేదు, ఒట్టు. మా తల్లిగారు పాలమూరు దిక్కు కదా, మా ఇంట్ల ఆ ఇంటి ఇల్లాలే మంట వేసుకుంటది, ఇల్లాలే పాలు పొంగిస్తది. మా అమ్మ అట్లనే చేసింది. మీ దిక్కు వేరేగా ఉంటదని నాకెవరూ చెప్పలేదు. నీ తమ్ముని అడిగితే ‘నీకు తెలుసనుకున్న’ అంటున్నడు. ఇరవై ఏండ్ల సంసారంల ఆయన నాకు చెప్పిన సంగతులన్నీ ఇట్లనే ఉంటయి.

నువ్వు రావని చెప్పంగనే ఆయన కొత్త ఇంటి తాళం చెవి అంగి జేబుల వేసుకున్నడు. ‘అక్క రాకుంటే ఆ తలుపు తియ్య’ అంటున్నడు. బతిమాలిన, అలిగిన, ఏడ్చిన. అంగి విప్పుతలేడు. స్నానానికి పోయినా అంగితోనే పోతున్నడు.

పెరటి తలుపు తాళం నా దగ్గరనే ఉన్నది, అటుదిక్కు నుంచి పోయి ఆ మూడు రాళ్లు తీయించిన. వంటిల్లు కడిగిచ్చి పసుపునీళ్లు చల్లిచ్చిన. గోడకు మళ్లీ రంగు వేయిస్తున్న. ఇంకేం చెయ్యాల్నో నువ్వే చెప్పు.

ఇక ఇల్లంత రమ్మన్న సంగతి. వదినె, మీ దిక్కు ఒక్కో ఇంట్ల ఎంతమంది ఉంటరో నాకు తెలియదా? గుర్వయ్య మామ ఇల్లొక్కటే వస్తే బస్సు నిండుతది. నేను ఒక్క గంజు అన్నమే సక్కగ వండలేకపోయిన. నీ తమ్ముడు మళ్లా కేటరింగ్ పేరెత్తిండు. నేను మళ్లా వద్దన్న. ఎందుకు వద్దన్ననో నాకే తెలుసు.

నీ ఆడిబిడ్డ కట్నం చీర నర్సింహతోని పంపుతున్న. నీకిష్టమైన చిలకపచ్చ. ఇది చూసన్నా నీ మనసు చల్లబడాలె.

నీ మరదలు
పుష్ప


మోత్కూర్,
ఫిబ్రవరి 15.

పుష్పకు,

చీర అందింది.

ఆడిబిడ్డ కట్నం ఎట్ల పెడ్తరు? పీట మీద కూసోబెట్టి, కాళ్లకు పసుపు రాసి, బొట్టు పెట్టి, ఒళ్లె పెడ్తరు. పాల క్యాన్ల నడుమ పెట్టి వ్యాన్‌ల పంపుతరా? చీర పాల వాసన కొడుతున్నది. అంటె నీది నీకు ముట్టింది, ఇగ రాకు, అంతేనా? సమజైంది తల్లీ. మీ పాలమూరు దిక్కు ఇదిగూడ ఇట్లనేనా?

వాపసు పంపుతున్న. ఒక్కపారి మీద వేసుకొని అద్దంల చూసిన. రంగు మంచిగనె ఉన్నది, నాకు నప్పింది గూడ. గని పంపుతున్న.

తమ్ముడు అంగి విప్పుతలేడని రాసినవు. చిన్నప్పుడు గూడ గట్లనె. వానికి పరమేష్ అని పేరు పెట్టినరు గని మొండి అని పెట్టేది ఉండె. వాడు నా కోసం గట్ల చేస్తుండంటె నాకు నిన్న రాత్రి అన్నం దిగలే. ఆ సంగతి వానికి చెప్పకు.

మా ఆయన రోజు అడుగుతుండు, ఎప్పుడు పోదమని. వంకాయ అంటె నవ్విండా, ఇప్పుడేమో ఆ వంకాయనన్నా తిననియ్యవా అంటుండు.

ఇంకొకటి. ఇది కోపంల రాస్తున్న, సలహ అనుకోకు. మంది మీద పడుతరు గాబట్టి అన్నం ఒక్క పెద్ద గంజుల పెట్టకు. రెండు నడిపి గంజులల్ల పెట్టు, మాడదు. ఎసరు బుడబుడ తెర్లినంకనె బియ్యం వెయ్యి. బియ్యం ఉడకంగనె కట్టెలు గుంజేసి మూత మీద నిప్పులు పొయ్యి. వంకాయలు కోసిన ఎంటనె ఉప్పునీళ్లల్ల వెయ్యి, లేకుంటె నీ వంటింటి గోడ లెక్క అయితయి. పచ్చిపులుసు ఎక్కువ చెయ్యి, మంది పెరిగినప్పుడు అదే కాపాడుతది. పప్పు గంటె అడుగుకెల్లి తిప్పి పొయ్యాలె.

అన్నీ చెప్పిన. ఇగ నేనెందుకు నీకు.

మల్లీశ్వరి


నార్కట్‌పల్లి,
ఫిబ్రవరి 17.

వదినె,

ఈ ఉత్తరంల నవ్వులాట లేదు. నర్సింహ, నువ్వు చదువుతుంటే ఇక్కడితోని ఆపు.

వచ్చినంక చెప్తా అన్న సంగతి ఇప్పుడే చెప్తున్న. నా పెండ్లి నాడు మంది అందరు తిని పోయినంక, చేతులు కడుక్కోనీకె నేను మీ పెరట్లకు వచ్చిన. నువ్వు గంజు పక్కన నిలబడి అడుగు గీకి, అరచేతుల పెట్టుకొని, మామిడికాయ తొక్కు అద్దుకొని తింటున్నవు. ఊరంతకు వండింది నువ్వు. ఒక్కలన్నా విస్తరి వేసి ‘కూచో మల్లీశ్వరి’ అనలేదు. నేను కొత్త కోడలిని, నాకు నోరు రాలేదు. అప్పటి సంది చూస్తనే ఉన్న. పెండ్లిళ్లు, పురుళ్లు, బోనాలు, ఎన్నయినయి వదినె? నువ్వు కూచొని వేడన్నం తిన్నది నేను ఒక్కనాడు చూడలేదు. అందరు నీ వంట మెచ్చుకుంటరు. నువ్వు తిన్నవా అని ఎవ్వరు అడుగరు.

ఇల్లు కట్టేటప్పుడు నీ తమ్ముడు కిటికీ ఎటు పెడదాం, తలుపు ఎటు పెడదాం అని అడుగుతుంటే నా మనసుల ఒక్కటే ఉండె. మొదటి బంతిల మా వదినె కూచుంటది, నేను వండింది నేను వడ్డిస్త అని. కేటరింగ్‌వాళ్లు వద్దన్నది అందుకు. నిన్ను వంట దగ్గరికి రావద్దన్నది అందుకు. గంటె నీకు అందితే నువ్వు కూచోవు, నాకు తెలుసు.

పొయ్యి నీదే. మంట నీదే. పాలు నువ్వే పొంగియ్యాలె. చీర కూడ పీట మీద పెట్టి ఉంచిన, వచ్చి ఒళ్లె పెట్టిచ్చుకో. తిట్టాలనుకుంటే ఎదురుంగ తిట్టు. నువ్వు రాకపోతే వచ్చిన వాళ్లకు ఏదో ఒకటి వండిపెట్టి పంపిస్త. నాకు మాత్రం ఆ ఇంట్లకు పోవాలని లేదు.

పుష్ప


మోత్కూర్,
ఫిబ్రవరి 24.

పుష్పకు,

మీ వదినె దీవించి రాసేది. మేము మంచిగ చేరినం. ఎదురుంగ చెప్తె ఏడుస్తనని రాస్తున్న. ఆ దినం చెప్పాల్నని రెండుమూడు పార్లు నోరు తెరిచిన, ప్రతిపారి ఎవరో ఒకరు వచ్చి ఉప్పు అడిగిండ్రు.

నీ ఉత్తరం అందిన నాడే బట్టలు సదిరిన. బస్సుకు ఆగబుద్ధి గాలే. మీ అన్న, నేను పాల క్యాన్ల నడుమ కూసొని వచ్చినం. ‘మీ ఉత్తరం నేను సదువలేదత్తా’ అని నర్సింహ వానంతట వాడే చెప్పిండు. కండ్లు ఎర్రగున్నయి వానియి.

పాలు పొంగినప్పుడు నువ్వు నా దిక్కు చూసినవు. తప్పు చేసినదాని లెక్క చూసినవు. గందుకు ఒక మాట చెప్పాలె. పాలు పొంగకముందు ఆ ఇంట్ల ఎన్ని మంటలు వేసినా పొయ్యి ముట్టినట్టు కాదు. కూలోళ్లు చాయ కాచుకుంటరు, మేస్త్రీలు బువ్వ వండుకుంటరు, అవి లెక్కల రావు. ఈ సంగతి నాకు మొదటి సందే ఎరుక. ఎంతదాక బతిమాలుతవో చూద్దమని ఊకున్న. చీర వ్యాన్‌ల వచ్చినంక మాత్రం నిజంగనె కోపమొచ్చింది. తిడుతవా తిట్టు. గని ఫోన్ చెయ్యకు, స్పీకర్ గట్లనె ఉన్నది.

మొదటి బంతిల కూసోబెట్టినవు. పుష్పా, నాకు చేతులు ఏడ పెట్టుకోవాల్నో తెల్వలే. దావత్ అంటె ఇంతకాలం నాకు గంటె, పొగ, ఎవరికి అందింది ఎవరికి అందలే అనే పరేషాను. ఇస్తారి ముందు ఉత్త చేతులతోని కూసుంటె ఎవల ఇంటికో వచ్చినట్టనిపించింది. మోత్కూర్ మంది అంత నా దిక్కే చూస్తుండ్రి, మల్లీశ్వరికి పానం మంచిగ లేదా ఏంది అని. పప్పు పోసేటోడు గంటె తిప్పకుంట పై నీళ్లే పోస్తుండు. రెండుపార్లు లేవబోయిన. తమ్ముడు భుజం మీద చెయ్యేసి కూసోబెట్టిండు.

బగార అన్నం పొడిపొడిగ వచ్చింది. నిజం చెప్తున్న, నాకు గూడ గట్ల రాదు. వంకాయల ఉప్పు తక్కువ. పచ్చిపులుసుల ఉప్పు ఎక్కువ. రెండు కలుపుకొని తిన్న, సరిపోయింది. పాయసం గురించి ఏం అనను, అడుగకు.

మూడో బంతికి గుర్వయ్య మామ ఇంటోళ్లు ట్రాలీ దిగుతుంటె నీ మొఖం చూసిన. తెల్లగైంది. గంజుల అన్నం అడుగుకు వచ్చింది. అప్పుడు లేచి కొంగు బిగిచ్చిన. నువ్వు వద్దంటివి. నేను తిన్న, నా బంతి అయిపోయింది, ఇగ ఎవ్వల మాట వినను అంటి. నువ్వు మంట చూస్తె నేను ఎసరు చూసిన. నువ్వు బియ్యం కడిగితె నేను ఉల్లిగడ్డ కోసిన. ఇన్నేండ్లల్ల నా పక్కపొంటి నిలబడి వండినోళ్లు ఎవ్వరు లేరు. అందరు గంజు నాకు అప్పజెప్పి పోయెటోళ్లే. ఆ జరసేపు నాకు ఎంత మంచిగనిపిచ్చిందో నీకు ఎరుకనా? మందంత సరిపోయేటట్టు తిన్నరు. మీ అన్న అయితె రెండు బంతులల్ల కూసున్నడు.

ఒక్క తప్పు చేసినవు పిల్లా. చెప్పకుంటె నాకు నిద్ర పడుతలేదు.

మొదటి బంతిల నా ఇస్తారిల అన్నం అయిపోయింది. నువ్వు అన్నం తబుకు పట్టుకొని నా ముందటికెల్లే పోయినవు, పక్కోళ్లకు పెట్టినవు. మంది తొక్కులాటల చూడలే, నాకు ఎరుకనే. నేను నీ దిక్కు చూసిన. ‘ఇంకొంచెం ఏసుకో’ అని ఈ నోటితోని ఎంతమందికి చెప్పి ఉంట! ‘నాకింకొంచెం పెట్టు’ అననీకె మాత్రం నోరు రాలే. సిగ్గయింది. ఆ మాట నేను ఎన్నడు అన్నదాన్ని కాదు. నీళ్లు తాగి లేచిన.

నాకు ఇంకా ఆకలి ఉండె పుష్పా. మల్లొక్కపారి పిలువు. ఈసారి అడుగుత.

మీ వదినె
మల్లీశ్వరి